రోజ్‌వుడ్ గిటారును అమెరికా పంపవచ్చా? రోజ్‌వుడ్ లేకుండా మంచి గిటారు వస్తుందా?

మీరు మూడు విషయాలు అడిగారు. 2018లో కొన్న మీ అకూస్టిక్ గిటారుకు వెనుక పలక, పక్కలు, ఫ్రెట్‌బోర్డు (మెడ మీద వేళ్లు నొక్కే పలక) అన్నీ రోజ్‌వుడ్‌వే కాబట్టి, దాన్ని డాలస్‌లో ఉన్న మీ తమ్ముడికి పంపడానికి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) అనుమతి కావాలా అన్నది మొదటిది. మీ కోసం చేయించుకోబోయే కొత్త గిటారుకు వేరే కర్ర వాడితే నాదం తగ్గుతుందా అన్నది రెండోది. ఎర్రచందనంతో చేయించుకోవచ్చా అన్నది మూడోది. సికింద్రాబాదులో 14 ఏళ్లుగా గిటార్లు బాగుచేస్తూ, ఏడాదికి నాలుగైదు కొత్తవి కూడా చేస్తున్నాను కాబట్టి నాకు అనుభవంలో తెలిసింది చెబుతాను.

మీ గిటారులో ఉన్నది మన దేశపు రోజ్‌వుడ్ అయితే, పూర్తిగా తయారైన వాద్యంగా దాన్ని పంపడానికి ఇప్పుడు సైటిస్ పత్రం అక్కర్లేదు. ఈ చెట్టునే మనవాళ్లు జిట్టేగి అనీ, ఇరుగుడు అనీ అంటారు. శాస్త్రీయ నామం డాల్బెర్జియా లాటిఫోలియా. 2016లో జోహన్నెస్‌బర్గ్‌లో జరిగిన సైటిస్ సమావేశం డాల్బెర్జియా ప్రజాతి మొత్తాన్ని రెండో అనుబంధంలో (అనుమతి పత్రాలతోనే వ్యాపారం జరగాల్సిన జాతుల జాబితాలో) చేర్చగా, అది 2017 జనవరి 2 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ నిర్ణయానికి అసలు కారణం గిటార్లు కావు. చైనాలో హోంగ్‌ము అని పిలిచే ఖరీదైన ఎర్రకలప ఫర్నిచర్ కోసం ఆసియా, ఆఫ్రికా అడవులు తరిగిపోవడం. కోసి పలకగా మార్చిన కర్రను చూసి అది ఫలానా జాతిదేనని కస్టమ్స్ అధికారి తేల్చడం దాదాపు అసాధ్యం కనుక ప్రజాతినంతా ఒకే తాటిపైకి తెచ్చారు. ఆ దెబ్బ గిటార్లు చేసేవాళ్లకు గట్టిగానే తగలడంతో, 2019లో జెనీవా సమావేశం పూర్తయిన వాద్యాలకు, బిగించడానికి సిద్ధంగా ఉన్న వాటి విడిభాగాలకు మినహాయింపు ఇచ్చింది. అది ఆ ఏడాది నవంబరు 26 నుంచి అమలవుతోంది. బ్రెజిల్ రోజ్‌వుడ్ సంగతి వేరు. అది 1992 నుంచి మొదటి అనుబంధంలో (వ్యాపారాన్ని దాదాపు పూర్తిగా నిషేధించిన జాబితాలో) ఉంది, దానికి ఈ మినహాయింపు వర్తించదు. అయితే 2018లో మామూలు ధరకు కొన్న గిటారులో ఆ కర్ర ఉండే అవకాశం లేదనే చెప్పవచ్చు.

ఆ మధ్యకాలంలో, అంటే 2017కూ 2019కీ నడుమ, నేనూ ఒకసారి చేతులు కాల్చుకున్నాను. 2018 మొదట్లో జర్మనీలో ఉన్న ఒకాయనకు గిటారు చేసి అమ్మాను. అందులో జిట్టేగి ఉన్నది ఫ్రెట్‌బోర్డు, బ్రిడ్జి (పైపలక మీద తీగలను పట్టి ఉంచే ముక్క) మాత్రమే; ఫ్రెట్‌బోర్డును చిత్రిక పట్టాక తూచితే 160 గ్రాములు తూగింది. సొంత వాద్యాన్ని వెంట తీసుకెళ్లేవాళ్లకు 10 కిలోల లోపు కర్రకు అప్పుడు కూడా మినహాయింపు ఉండేది కానీ, నాది అమ్మకం కాబట్టి అది నాకు వర్తించలేదు. అడితి నుంచి తెచ్చుకున్న బిల్లులో ‘రోజ్‌వుడ్ ముక్కలు’ అని తప్ప జాతి పేరు గానీ, ఎక్కడ కొట్టిన చెట్టో గానీ లేదు. ఏడు వారాలు గోదాములో పడి ఉండి పెట్టె నాకే తిరిగొచ్చేసరికి, ఆ చలికాలపు పొడిగాలికి పైపలక బ్రిడ్జి కింద నుంచి అంచు దాకా చీలి ఉంది. తప్పు పూర్తిగా నాదే. అప్పటి నుంచి కొన్న ప్రతి పలక మీదా పెన్సిలుతో ఒక అంకె వేసి, దాని బిల్లు, అటవీ శాఖ రవాణా పర్మిట్ నకలు అదే అంకెతో పుస్తకంలో అంటించుకుంటున్నాను.

మినహాయింపు పూర్తయిన వస్తువుకే తప్ప ముడి కర్రకు కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఎవరైనా మిత్రుడు విదేశం నుంచి నాలుగు ఫ్రెట్‌బోర్డు పలకలు పంపమంటే, ఫ్రెట్లు (మెడ మీది లోహపు కడ్డీలు) దిగే గాళ్లు కోయని, ఆకారం దిద్దని ఆ పలకలు కోసిన కలప కిందికే వస్తాయి. ఈ తేడా ఎంత దూరం పోగలదో గిబ్సన్ అనే అమెరికా గిటార్ల కంపెనీ వ్యవహారం చూపించింది. అక్రమంగా సేకరించిన జంతువులు, మొక్కల వ్యాపారాన్ని నిషేధించే తన లేసీ చట్టాన్ని అమెరికా 2008లో కలపకు కూడా వర్తింపజేశాక, ఆ కంపెనీ కర్మాగారాలలో అధికారులు 2009లో మడగాస్కర్ ఎబొనీ (నల్లటి గట్టి కర్ర) కోసం, 2011లో మన దేశం నుంచి వెళ్లిన రోజ్‌వుడ్, ఎబొనీ ఫ్రెట్‌బోర్డు పలకల కోసం సోదాలు చేశారు. మన ఎగుమతి నిబంధనల ప్రకారం ఆ పలకలు కోసిన కలపా, వాద్యంలో భాగమా అన్నది రెండో సోదాలో అసలు చిక్కు. 2012లో కంపెనీ 3 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకుని రాజీపడింది. భారతీయ పలకల వర్గీకరణలో అస్పష్టత ఉన్నట్టు ఆ ఒప్పందంలోనే రాసుకున్నారు. అంత పెద్ద కంపెనీకే తేలని విషయాన్ని కొరియర్ కౌంటరు దగ్గర మనం తేల్చగలమని అనుకోకూడదు.

ఇక నాదం సంగతి. వెనుక పలకకు, పక్కలకు రోజ్‌వుడ్ తప్పనిసరి అన్న నమ్మకం నాకూ ఉండేది. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒకే నమూనాలో ఆరు గిటార్లు చేయించి, బ్రెజిల్ రోజ్‌వుడ్, మన రోజ్‌వుడ్, మహాగని, మేపుల్, సపీలే, వాల్‌నట్ కర్రలను వెనుక, పక్కలకు మాత్రమే మార్చి, వెల్డింగు కళ్లజోళ్లు పెట్టుకున్న 52 మంది వాద్యకారుల చేత మసక వెలుతురులో వాయించారు. 2018లో వెలువడిన ఆ ఫలితాల్లో, నాదం విషయంలో అన్నింటికీ దాదాపు సమానమైన మార్కులే వచ్చాయి. గిటారు ధ్వనిలో పెద్ద వాటా స్ప్రూసు లేదా సెడారు పైపలకది, దాని కింద అతికించే కమ్మీలది.

నమ్మలేక నేనే ఒక జత చేశాను. ఒకే దుంగ నుంచి కోసిన స్ప్రూసు, ఒకే కొలతలు. ఒకదానికి జిట్టేగి, ఇంకోదానికి పనస. పనసనే ఎందుకంటే బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణను తరతరాలుగా పనస దుంగతోనే తొలుస్తున్నారు. వాద్యానికి పనికొస్తుందో లేదో ఆ కర్ర ఎప్పుడో రుజువు చేసుకుంది. విడి పలకగా వేలితో తడితే జిట్టేగి గంటలా ఖంగుమంటుంది, పనస కాస్త పొట్టిగా పలికి ఆగుతుంది. గిటార్లు పూర్తయ్యాక తెర వెనుక వాయించి, రోజూ నా దుకాణానికి వచ్చే ఐదుగురిని అడిగితే ముగ్గురు తారుమారుగా చెప్పారు. చిన్న పరీక్షే, కానీ నా భ్రమ తీరడానికి సరిపోయింది.

పనసతో ఇబ్బంది నాదంలో కాదు, పనిలో ఉంది. పక్కలను రెండు మిల్లీమీటర్లకు పలచన చేసి, తడిపి, వేడి గొట్టం మీద వంచుతున్నప్పుడు ఆ చెక్క నుంచి పసుపు రంగు ఊరుతుంది. మొదటి గిటారు చేసినప్పుడు అదే చేత్తో తెల్లటి స్ప్రూసు పలకను పట్టుకున్నాను; ఆ నాలుగు వేలిముద్రలు గీకుడు రేకుకు కూడా లొంగలేదు. ఇప్పుడు పక్కలు వంచే రోజు పైపలకను గదిలోనే ఉంచను.

ఫ్రెట్‌బోర్డుకు మాత్రం ప్రత్యామ్నాయాన్ని ఆచితూచి ఎంచుకోవాలి, ఎందుకంటే అక్కడ నాదం కంటే గట్టిదనం, గాలిలో తేమకు కదలకపోవడం ముఖ్యం. మన బండిచక్రాలకు వాడిన నల్లతుమ్మ చేవను ప్రయత్నించాను. అరుగుదల లేదు కానీ, ఎన్నాళ్లు ఆరబెట్టినా వంకర తిరగడం మానలేదు. కాగితం పొరలను ఫినాలిక్ రెసిన్‌లో ముంచి అధిక ఒత్తిడితో అచ్చువేసే రిచ్‌లైట్ నాకు బాగా నచ్చింది. హైదరాబాదు మే నెల ఎండకు మామూలు కర్ర కుంచించుకుపోయి, ఫ్రెట్ల అంచులు బయటికి వచ్చి అరచేతిని గీరుతాయి. ఆ ఫిర్యాదుతో రిచ్‌లైట్ గిటారు ఒక్కటి కూడా నా దగ్గరికి రాలేదు. కాకపోతే గాళ్లు కోసేటప్పుడు వచ్చే మందు వాసన భరించడం కష్టం, రంపం పళ్లు కూడా త్వరగా మొద్దుబారతాయి. మెక్సికోలో చేసే గిటార్లకు ఫెండర్ వాళ్లు పావ్ ఫెర్రో అనే దక్షిణ అమెరికా కర్రకు మారింది ఆ ఆంక్షల కాలంలోనే. ఎబొనీ విషయంలో కామెరూన్‌లో మిల్లు కొన్న టేలర్ కంపెనీ, నల్లటి చేవ కోసం పది చెట్లు కొట్టి తొమ్మిదింటిని అడవిలోనే వదిలేసే అలవాటును మానిపించి, చారలున్న కర్రను కూడా వాడసాగింది. చారలు అందవికారమని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. పైపలక మినహా మిగతాదంతా లామినేటు రేకుతో చేసే చవక గిటార్లు తేమకు చెక్కుచెదరవు గానీ, ఒకసారి పగిలితే బాగుచేయడం నావల్ల కాలేదు.

ఎర్రచందనం జోలికి వెళ్లకండి. జపానులో షామిసెన్ అనే మూడు తీగల వాద్యం మెడకు దాన్ని ఎంతో ప్రీతిగా వాడతారన్నది నిజమే. అది 1995 నుంచి సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. రైతు తన పొలంలో పెంచిన చెట్టుకు కూడా అటవీ శాఖ అనుమతి, రవాణా పర్మిట్ కావాలి. పైగా నీళ్లలో మునిగేంత బరువైన కర్ర కాబట్టి, దానితో చేసిన గిటారును గంటసేపు భుజాన మోయడం కష్టం.

నా సలహా అడిగితే కొత్త గిటారుకు స్ప్రూసు పైపలక, పనస వెనుక, పక్కలు, రిచ్‌లైట్ ఫ్రెట్‌బోర్డు పెట్టించుకోండి. తమ్ముడికి పంపే గిటారు బిల్లులో ‘రోజ్‌వుడ్’ అని మాత్రమే ఉంటే, కొన్న దుకాణాన్నో తయారీదారునో అడిగి జాతి పేరు, దేశం, కొన్న సంవత్సరం ఉన్న ఉత్తరం తెచ్చుకోండి. తీగలు కొంచెం వదులు చేయండి. ఆ ఉత్తరం నకలు ఒకటి కేసు లోపల పెట్టి, ఇంకోటి పెట్టె బయట అంటించండి. 2018లో నేను లోపల మాత్రమే పెట్టాను.