ఒక మాత్ర మింగాక మనసు మారింది

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. నాకు 26 ఏళ్లు. మాది అనకాపల్లి దగ్గర పల్లె. పాపకు 11 నెలలు, ఆపరేషన్ చేసి తీశారు. పాలిస్తున్నాను కాబట్టి నెలసరి ఇంకా దారిలో పడలేదు. వాంతులు మొదలైతే టెస్ట్ చేసుకున్నాను, రెండు గీతలు వచ్చాయి. మా ఆయనకు అచ్యుతాపురంలో షిఫ్టు డ్యూటీ. పాపను పట్టుకునే మనిషే లేదు, ఇప్పుడే ఇంకొకరు వద్దనుకున్నాం. ఆయనే మందుల షాపులో అడిగి గర్భం పోయే మాత్రల కిట్ తెచ్చారు. శనివారం రాత్రి అన్నం తిన్నాక మొదటి మాత్ర వేసుకున్నాను. ఆదివారం మా అమ్మ ఫోన్ చేసి ‘నేనొచ్చి ఉంటానే, రెండేళ్లయినా ఉంటాను’ అంది. అప్పటి నుంచి మిగతా నాలుగు మాత్రలు వేసుకోబుద్ధి కావడం లేదు. ‘ఒకటి వేశాక ఆపితే బిడ్డ అవిటిదవుతుందని షాపతను చెప్పాడు, వేసేసుకో’ అని ఆయన ఒకటే పోరు. మా వీధిలో నర్సు పని చేసే అక్కేమో దానికి విరుగుడు ఇంజెక్షన్లు ఉన్నాయంటోంది. ఎవరి మాట వినాలి? పాపకు పాలివ్వొచ్చా?
– పేరు వద్దు

జవాబు: అమ్మా, ఈ పత్రిక అచ్చయ్యేదాకా ఆగే సమస్య కాదు మీది. అందుకే మీ ఉత్తరం సోమవారం అందగానే ఫోన్‌లో మాట్లాడాను. అప్పుడు చెప్పినవే, మీరు సరేనన్నాక, ఇంకెవరికైనా పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ నాలుగు మాత్రల సంగతి. బియ్యం డబ్బా వెనక దాచానన్నారు. పాప పాకే వయసు, అక్కడి నుంచి తీసేయండి. మీరు మాత్రం వాటి జోలికి పోకండి. ఇంకా తేల్చుకోలేని మనిషి వాటిని వేసుకోకూడదు.

షాపతను ఒక మందు సంగతి తీసుకెళ్లి ఇంకో మందుకు అంటగట్టాడు. కిట్‌లో ఉండేవి రెండు రకాలు. మీరు మింగిన ఒక్క మాత్ర మిఫెప్రిస్టోన్, 200 మిల్లీగ్రాములు. గర్భాన్ని నిలబెట్టేది ప్రొజెస్టిరాన్ అనే హార్మోను. మిఫెప్రిస్టోన్ వెళ్లి దాని కుర్చీలో కూర్చుంటుంది, అసలు మనిషికి చోటుండదు. దీనివల్ల బిడ్డకు అవకరాలు వస్తాయని ఇప్పటిదాకా ఆధారాల్లేవు. మిగిలిన నాలుగూ మిసోప్రోస్టాల్, ఒక్కోటి 200 మైక్రోగ్రాములు. గర్భసంచిని పిండి బయటికి పంపేవి అవి. అవి వేసుకున్నాక కూడా గర్భం నిలిస్తే, అందరికీ కాకపోయినా కొందరు పిల్లలకు కాళ్లూ చేతుల్లో, ముఖం నరాల్లో లోపాలు వచ్చే ప్రమాదం ఉంది. అంటే మీ ఆయన దేనికైతే భయపడుతున్నారో, ఆ భయం ఉన్న మాత్రనే వేసుకోమంటున్నారు. ఈ ముక్క ఆయనకూ స్పీకర్‌లో చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘మరి స్కాన్ ఎక్కడ తీయించాలి మేడమ్’ అన్నారు.

ఒక్క మాత్రతోనే గర్భం పోవచ్చా అంటే, పోవచ్చు. కొందరికి పోతుంది, కొందరికి నిలుస్తుంది. మీకేమవుతుందో ఫోన్‌లో ఏ డాక్టరూ చెప్పలేరు.

ఇక విరుగుడు. ఆ అక్క చెప్పింది ప్రొజెస్టిరాన్ ఇంజెక్షన్ల గురించి. కుర్చీ కోసం పోటీ పెడదామన్న ఆలోచన, వినడానికి బాగానే ఉంటుంది. అమెరికాలో ఒక డాక్టర్ 2012లో కొద్దిమంది కేసులు రాసి దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. పోల్చి చూసే గుంపు లేకుండా రాసిన లెక్క అది. ఇంజెక్షన్ వల్ల నిలిచిందా, దానంతటదే నిలిచేదా అన్నది అందులో తేలదు. తేల్చుదామని కాలిఫోర్నియాలో డాక్టర్లు 40 మందితో చేయాలనుకుని సరైన పరీక్ష మొదలుపెట్టి, 2019లో 12 మంది దగ్గరే ఆపేశారు. ముగ్గురికి విపరీతంగా రక్తం పోయి అంబులెన్సులో తీసుకెళ్లాల్సి వచ్చింది. వాళ్లలో ఒకరు ప్రొజెస్టిరాన్ తీసుకున్నవారు, ఇద్దరు ఉత్తుత్తి మందు తీసుకున్నవారు. కాబట్టి విరుగుడు అన్న మాట నేను వాడను. మీరు ఇందులో గుర్తుపెట్టుకోవలసింది రక్తం సంగతి. మొదటి మాత్ర వేసి ఆపినప్పుడు బ్లీడింగ్ ఉన్నట్టుండి ఎక్కువ కావచ్చు. గంటకు రెండు ప్యాడ్ల చొప్పున రెండు గంటలు తడిసినా, కళ్లు తిరిగినా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా చూద్దామనుకోకండి. ఈ పది రోజులూ ఇంట్లో ఒంటరిగా ఉండొద్దు. మీ అమ్మగారిని ఇప్పుడే పిలిపించుకోండి.

స్కాన్ అసలు మాత్రకు ముందే జరగాల్సింది. ఆ కిట్ 9 వారాల లోపు గర్భానికే, అదీ డాక్టర్ చీటీ మీదే. మీకు నెలసరే సరిగా లేనప్పుడు ఎన్ని వారాలో ఎవరు లెక్కగట్టారు? పైగా మీకు ఆపరేషనై ఏడాది కాలేదు. అరుదుగా ఆ పాత కుట్టు మచ్చలోనే గర్భం అతుక్కుంటుంది. గర్భం సంచిలో కాకుండా ట్యూబులో ఉంటే ఈ కిట్ పనే చేయదు. చాలా ఏళ్ల కిందట ఒకావిడ చీర కొంగున మాత్రల అట్ట ముడేసుకుని ఆటోలో వచ్చింది. అయిదు గూళ్లూ ఖాళీ. ‘అన్నీ వేశానమ్మా, నొప్పి తగ్గట్లేదు’ అంది. ట్యూబు పగిలి కడుపు నిండా రక్తం. బతికింది. అట్ట మాత్రం నా టేబుల్ మీదే మర్చిపోయింది.

గర్భం ఉంచుకోవాలని తేల్చుకుంటే ఫోలిక్ యాసిడ్ ఇప్పుడే మొదలుపెట్టండి, పది రోజులకు మళ్లీ స్కాన్. ఆపరేషన్ అయిన కొద్ది నెలలకే మళ్లీ గర్భం కాబట్టి కాన్పు పెద్దాసుపత్రిలోనే. ఆ మాట దాచను. మనసు మళ్లీ అటు మళ్లితే అదీ తప్పు కాదు. 1971 గర్భస్రావ చట్టం ప్రకారం మీకు 18 నిండాయి గనక మీ ఒక్కరి సంతకం చాలు, భర్త సంతకం అక్కర్లేదు. డాక్టర్ దగ్గర వారాలు చూసి మాత్రలతోనో, గొట్టంతో పీల్చి తీసే పద్ధతిలోనో చేయించుకోవచ్చు. కానీ మీకు ఇష్టం లేకుండా ఆ నాలుగూ మీ చేత మింగించే హక్కు ఎవరికీ లేదు, అది నేరం. మీ ఆయన అంతటి మనిషని నేననడం లేదు. భయపడ్డాడు, షాపులో దొరికిన సలహా పట్టుకొచ్చాడు.

మంగళవారం స్కాన్ ఫోటో పంపారు. గర్భం సంచిలోనే ఉంది, మచ్చకు దూరంగా. ఆరు వారాల నాలుగు రోజులు, గుండె కొట్టుకుంటోంది. ఇది రాసే రోజుకు రెండో స్కాన్ ఇంకా కాలేదు.

చివర్లో అడిగారు కదా, పాపకు పాలివ్వొచ్చా అని. ఇవ్వొచ్చమ్మా. ఆ మాత్ర పాలలోకి వచ్చేది చాలా కొంచెం. శనివారం నుంచి పాలు పిండి పారబోస్తున్నానన్నారు, ఇక పారబోయకండి.