ఆరు మిల్లీమీటర్ల తేడా చూసి చదువు మార్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం చదువుతోంది. విశాఖపట్నం మీది గాలిలో నీటి ఆవిరి ఎంత ఉందో ఇన్శాట్-3డీఆర్ ఉపగ్రహం ఇచ్చిన లెక్కను బెలూన్ లెక్కతో పోల్చి ప్రాజెక్టు చేసింది. కొన్ని రోజుల్లో 6 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. ఎమ్మెస్సీ మెటియొరాలజీ (వాతావరణ శాస్త్రం) చదువుతానంటోంది. ఉపగ్రహమే తప్పు చెబుతుంటే ఆ చదువుతో ఏం లాభం? బీఈడీ చేయించడం మేలంటారా?
– ఒక తండ్రి, కాకినాడ

జవాబు: ఆ 6 మిల్లీమీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయో విడదీసి చెప్పగలిగినవారికే ఈ రంగంలో పని దొరుకుతుంది. ఉపగ్రహం నీటి ఆవిరిని నేరుగా కొలవదు. దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి, నేలా గాలీ వెలువరించే పరారుణ కిరణాల్లో ఆవిరి పీల్చుకోగా మిగిలింది ఎంతో వేర్వేరు తరంగదైర్ఘ్యాల్లో (చానెళ్లలో) చూసి, ఏ ఎత్తులో ఎంత తేమ ఉండి ఉంటుందో వెనక్కి లెక్క కడతారు. ఆ ఆవిరినంతా నీరుగా మార్చి నేల మీద పరిస్తే వచ్చే మందమే మీ అమ్మాయి ప్రాజెక్టులోని సంఖ్య. వర్షాకాలంలో కోస్తాపై అది 60 మిల్లీమీటర్లు దాటడం మామూలే కనుక, అప్పటి 6 అంటే పదో వంతు; చలికాలంలో పొడిగాలి వీచే రోజున అదే 6 చాలా పెద్ద తప్పు. కాబట్టి ముందు ఆ రోజులు ఏ నెలవో చూడమనండి.

ఇక బెలూన్ చెప్పిందే సత్యమనుకోవడానికీ లేదు. దానికి వేలాడుతూ తేమను కొలిచే పరికరం, రేడియోసోండ్, పైకి వెళ్లేసరికి గంట దాటుతుంది, ఈలోగా గాలి దాన్ని పదుల కిలోమీటర్లు పక్కకు లాక్కుపోతుంది. పగటి ఎండకు వేడెక్కిన సెన్సర్ ఉన్న తేమ కంటే తక్కువ చూపవచ్చు. ఉపగ్రహంలో తేమను లెక్కకట్టే పరికరమైన సౌండర్ ఒక్కో చూపులో సుమారు 10 కిలోమీటర్ల మేర చూస్తుంది, విశాఖలోనైతే అందులో కొంత సముద్రం, కొంత నేల పడతాయి. మేఘం అడ్డొస్తే పరారుణం కిందికి చూడలేదు. అందుకే 2011లో భారత్, ఫ్రాన్స్ కలిసి పంపిన మేఘా ట్రాపిక్స్ ఉపగ్రహంలో తేమ కోసం, చాలా మేఘాల గుండా చూడగల మైక్రోవేవ్ పరికరం పెట్టారు. తేడా ఎప్పుడూ ఒకే వైపు ఉందా, అటూ ఇటూ చెదిరి ఉందా అన్నది గ్రాఫు గీస్తే తెలుస్తుంది. మొదటిదైతే సవరించవచ్చు, రెండోదైతే కారణాలు వెతకాలి. మూడో సాక్షిగా జీపీఎస్ ఉంది: పైన ఒక మిల్లీమీటరు నీటికి సమానమైన ఆవిరి ఉంటే సంకేతం ఆరున్నర మిల్లీమీటర్ల దూరం అదనంగా నడిచినంత ఆలస్యమవుతుంది, దీనికి మేఘాలు అడ్డు కావు. మామూలు డిగ్రీ ప్రాజెక్టుల్లో ఇంత దూరం ఎవరూ వెళ్లరు; మీ అమ్మాయి సగం దారి అప్పుడే వచ్చేసింది.

చదువు విషయానికొస్తే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెటియొరాలజీ, ఓషనోగ్రఫీ విభాగం ఉంది, పీజీసెట్ రాయాలి. ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్‌లో భూ, వాతావరణ శాస్త్రాల పేపరు గానీ గేట్ గానీ రాస్తే తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ), సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వంటి చోట్ల పరిశోధనకు ప్రయత్నించవచ్చు. భారత వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంటు పోస్టులూ ఉన్నాయి, అయితే నోటిఫికేషన్ ఏటా రాదు. నిజం చెప్పాలంటే ఖాళీలు తక్కువ, నిలదొక్కుకోవడానికి నాలుగైదేళ్లు పడుతుంది. ఇంటి పరిస్థితి అంతకాలం ఆగలేనిదైతే ఆ మాట ఇప్పుడే అమ్మాయితో చెప్పండి. పైథాన్ మాత్రం ఈ వేసవిలోనే నేర్చుకోవాలి. ఉపగ్రహ ఫైళ్లు ఎక్సెల్‌లో తెరుచుకునేవి కావు, పైగా ఉద్యోగం మారాల్సి వచ్చినా అది అక్కరకొస్తుంది.

ఎడ్‌సెట్‌కు కూడా దరఖాస్తు చేయించండి, తప్పేమీ లేదు. అయితే ప్రాజెక్టు నివేదికలో ఆ 6 మిల్లీమీటర్ల రోజులను తీసేయనివ్వకండి. వాటిని విడిగా ఒక పట్టికలో పెట్టి, ఆ పూట మేఘాలు ఉన్నాయో లేదో పక్కన రాయమనండి.