జెట్టీ మీద వెనక్కి తిరిగి కూర్చున్నది అమీలియా ఇయర్‌హార్టేనా?

కాదు. విమానంలో ప్రపంచం చుట్టి వస్తూ పసిఫిక్ సముద్రం మీద మాయమైపోయిన అమెరికన్ పైలట్ ఇయర్‌హార్ట్. మీరడిగింది, ఆమె ఉందంటూ 2017లో ఒక అమెరికన్ టీవీ డాక్యుమెంటరీలో చూపించిన ఫొటో గురించి. "నిపుణులే పోల్చి చెప్పాక అనుమానం దేనికి?" అన్నారు. నా అనుమానం ఆ పోల్చడం మీదే.

పాత ఫొటోలు బాగుచేయడం నా వృత్తి. గ్రూప్ ఫొటోలోంచి ఒక్కరి ముఖం తీసి, దండ వేసుకునే సైజుకి పెంచమని వస్తుంటారు. అసలు ఫొటోలో ముఖం మినపగింజంత ఉంటుంది. పెంచితే మిగిలేది మచ్చలే, కళ్లూ ముక్కూ మేం వేయాల్సిందే. ఒకసారి ఇద్దరు అన్నదమ్ములు పెళ్లి ఫొటో తెచ్చారు. తమ చిన్నప్పుడే ఇల్లు విడిచి వెళ్లిపోయిన నాన్న వెనక వరసలో ఉన్నాడని వాళ్ల నమ్మకం. నేను పని చేస్తుంటే పక్కనే కూర్చుని "చెవులు ఇంకాస్త బయటికి... ఆఁ, అచ్చం నాన్నే!" అన్నారు. ఆ చెవులు నేను గీసినవి. ఫ్రేము కట్టించి ఇంటికి తీసుకెళ్తే మేనత్త చూసి, "ఈ పెళ్లి మీ నాన్న వెళ్లిపోయిన రెండేళ్లకి కదరా" అందట. ఫ్రేము తెచ్చి నా దగ్గరే వదిలేసి పోయారు.

ఇయర్‌హార్ట్ ఫొటోకీ అదే జరిగింది. పసిఫిక్‌లో అప్పట్లో జపాన్ చేతిలో ఉన్న మార్షల్ దీవుల్లోని జలూయిట్‌లో తీసినది, అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది. ఊరి పేరుంది, తేదీ లేదు. పొట్టి జుట్టుతో వెనక్కి తిరిగి కూర్చున్న మనిషి ఇయర్‌హార్ట్ అనీ, నుదుటి మీది జుట్టు తీరుని బట్టి నిలబడ్డాయన ఆమెకి విమానంలో దారి లెక్కగట్టి చెప్పే నావిగేటర్ ఫ్రెడ్ నూనన్ అనీ, దూరంగా పడవ లాగుతున్నది వాళ్ల విమానమనీ అన్నారు. జపనీయులు పట్టుకెళ్లారన్న పాత కథకి సాక్ష్యం దొరికిందని ఒకటే హడావిడి. కొద్ది రోజులకే కోటా యమానో అనే జపాన్ బ్లాగర్ వాళ్ల జాతీయ గ్రంథాలయం డిజిటల్ పుస్తకాల్లో వెతికి, ఇదే ఫొటోని 1935లో అచ్చయిన ఒక యాత్రా పుస్తకంలో పట్టుకున్నాడు. ఆయనకి పట్టింది అరగంట. ఇయర్‌హార్ట్ మాయమైంది 1937 జులై 2న! ముఖాలు పోల్చేముందు ఆ అరగంటేదో వీళ్లే వెచ్చించి ఉంటే సరిపోయేది.

ఫొటో సంగతి వదిలేసినా రేడియో ఒప్పుకోదు. వాళ్లిద్దరూ కరాచీ, కలకత్తా మీదుగా వచ్చి, న్యూగినీలోని లే అనే ఊరి నుంచి పసిఫిక్ మధ్యలోని హౌలాండ్ దీవికి బయల్దేరారు. దారిలో నాలుగు వేల కిలోమీటర్లకు పైగా సముద్రమే. దీవి దగ్గర కాచుకున్న ఇటాస్కా ఓడకి ఆమె గొంతు గట్టిగానే వినబడింది: మీ మీదే ఉండాలి, కనబడటం లేదు, ఇంధనం తగ్గిపోతోంది, అని. ఆ స్థితిలో వందల మైళ్ల అవతలి జలూయిట్‌కి వెళ్లడం కుదిరే పని కాదు. హౌలాండ్ చుట్టుపక్కలే సముద్రంలో పడిపోయారన్నది నా లెక్క.

హౌలాండ్‌కి దక్షిణాన ఉన్న నికుమరోరో దీవిలో దిగారనేవాళ్లూ ఒక ఫొటో చూపిస్తారు. 1937 అక్టోబరులో ఎరిక్ బెవింగ్టన్ తీసినది. నీళ్లలోంచి పైకి లేచిన చిన్న చుక్క విమానం చక్రం భాగమట. ఆ చుక్క నుంచి చక్రం తీయమంటే నేనూ తీయగలను.

అలాగని నేనేం తెలివైనవాణ్ణి కాదు. 2024 జనవరిలో డీప్ సీ విజన్ సంస్థ సముద్రం అడుగున శబ్దతరంగాలతో తీసిన సోనార్ చిత్రం విడుదల చేస్తే, రెక్కలూ తోకా చూసి అది ఆమె విమానమేనని నేనూ నమ్మేశాను. నవంబరుకల్లా తేలింది, అది రాళ్ల గుట్ట.