లంబా అంటే ఎత్తా, పొడుగా? ఎనిమిది బడ్జీల పంజరం కథ

రాయగడ నుంచి ఒక తమ్ముడు అడిగారు. ఇంట్లో రెండు బడ్జీలున్నాయట, అంటే మన వైపు లవ్ బర్డ్స్ అని అమ్మే చిన్న చిలకలు. ఇంకో ఆరు తెచ్చి ఎనిమిదింటినీ ఒకే పంజరంలో పెట్టాలనుకుంటున్నారు. వరండాలో చోటుంది. దుకాణంలో గోపురం ఆకారంలో ఉన్న ఎత్తు పంజరం చూపించారట. అది కొనాలా, చేయించుకోవాలా, ఎంత కొలత, లోపల ఏం పెట్టాలి, గుడ్లకి కుండలు కట్టాలా అన్నది ప్రశ్న.

తమ్ముడూ, ఆ గోపురం కొనకండి. చూడ్డానికి బాగుంటుంది, అంతే. చేయించుకోండి. కొలత ఎందుకలా ఉండాలో నాకు పుస్తకం చూస్తే తెలిసింది కాదు, ఒక మాట తప్పుగా అర్థమవడం వల్ల తెలిసింది. ముందు అది చెప్తాను.

మాది పర్లాకిమిడి. ముందు గదిలో నా కుట్టు మిషను, వెనక వరండాలో పిట్టలు. 2017లో మాకు నాలుగు బడ్జీలు, వాటికి రెండడుగుల పంజరం. అవి రోజంతా కర్ర మీద కూర్చుని ఒకదాని తోక ఒకటి పీకుకునేవి. పెద్దది చేయిద్దామని వెల్డింగు మిస్త్రీ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒడియా ఆయన, తెలుగు బాగానే అర్థమవుతుంది. నేనే గొప్పకి పోయి ఒడియాలో చెప్పాను: ఛఅ ఫుట్ లంబా. ఆరడుగుల పొడుగు అని నా ఉద్దేశం. నిలబడ్డ వస్తువు గురించి లంబా అంటే ఎత్తు అని కూడా కదా, పంజరం అంటే నిలబడేదే అని ఆయన ఉద్దేశం. పది రోజులకి ఆటో మీద ఇంటికొచ్చింది: ఆరడుగుల ఎత్తు, రెండున్నర అడుగులు ఒకవైపు, మూడడుగులు ఇంకోవైపు. బీరువాలా ఉంది.

డబ్బులిచ్చేశాం కదాని అలాగే వాడాం. నెల రోజులు చూశాను. నాలుగూ పైనున్న ఒక్క కర్ర కోసం కొట్టుకునేవి. కింద నాలుగడుగుల జాగా ఖాళీ. తిండికి దిగేటప్పుడు రెక్క విప్పకుండా జాలీ పట్టుకుని ముక్కుతో, కాళ్ళతో పాక్కుంటూ దిగేవి. బడ్జీ పైకీ కిందకీ ఎగిరే పిట్ట కాదు, అడ్డంగా ఎగిరే పిట్ట. వీటి సొంత ఊరు ఆస్ట్రేలియా. అక్కడి ఎండు మైదానాల్లో నీళ్ళ కోసం గుంపులు గుంపులుగా చాలా దూరం ఎగురుతూ పోతాయి. దాన్ని తెచ్చి నిలువు గొట్టంలో పెడితే మెట్లెక్కి దిగడం తప్ప ఏం చేస్తుంది?

ఒక ఆదివారం మా ఆయన "పడుకోబెట్టేద్దాం" అన్నారు. పిట్టల్ని చిన్న పంజరంలోకి మార్చి, బీరువాని అలాగే అడ్డంగా పడేశాం. తలుపు పైకప్పులోకి వెళ్ళింది, ట్రే పక్కగోడైంది. మిస్త్రీ వచ్చి చూసి తల పట్టుకుని, నవ్వి, ముందువైపు కొత్త తలుపు కోసిచ్చాడు. పిట్టల్ని వదిలాం. కాసేపు నాలుగూ ఒక మూల బిక్కచచ్చి కూర్చున్నాయి. తర్వాత పచ్చటి మగది మెడ చాచి అటు చివర చూసింది, ఇటు చూసింది, ఒక్కసారి దూకింది. ఆరడుగులూ గాల్లోనే వెళ్ళి అవతలి కర్ర పట్టుకుంది. ఆగలేదు, వెంటనే వెనక్కి. అయిదారుసార్లయ్యాక ముక్కు తెరిచి రొప్పుతోంది, అయినా ఆగదు. అంతవరకు దాని రెక్కల చప్పుడు నేను వినలేదు.

కాబట్టి ఎనిమిదింటికి పొడుగు ఆరడుగులు, లోతు రెండున్నర, ఎత్తు మూడు. చోటు చాలకపోతే ఎత్తు తగ్గించుకోండి, పొడుగు మాత్రం తగ్గించకండి. నాలుగడుగుల్లో నాలుగింటికి మించి పెట్టకండి. ముక్కు నుంచి తోక దాకా జానెడే ఉంటుంది, రెక్కలు చాస్తే మాత్రం అడుగు. మిస్త్రీకి నోటితో కాదు, కాగితం మీద బొమ్మ గీసి చూపించండి. కింద నేల గీత కూడా గీయండి.

జాలీ సంగతి. కన్ను అరంగుళానికి మించకూడదు. అంగుళం కన్నున్నది చవక, దుకాణంవాడు అదే అంటగడతాడు. బడ్జీ దాంట్లోంచి పూర్తిగా బయటికి రాలేకపోయినా తల దూర్చి ఇరుక్కుంటుంది. చిన్నెలుకకి అది గుమ్మం. ఎలుక దూరిందంటే దాని వెనకాల పాము వస్తుంది, మన వైపు పెరళ్ళ సంగతి మీకు తెలిసిందే. కోళ్ళకి కట్టే ఆరుపలకల మెలి జాలీ కూడా వద్దు. మెలికల్లో గోళ్ళు చిక్కుకుంటాయి. చుక్క చుక్కకీ అతికిన వెల్డ్ మెష్ తీసుకోండి. స్టెయిన్‌లెస్ స్టీలైతే ఇంకేం చూసుకోనక్కర్లేదు, ధర మాత్రం గట్టిగా ఉంటుంది. మాది జీఐ జాలీయే, అంటే ఇనుప తీగ మీద పూత వేసినది. ఆ పూత జింకు. పిట్టలు రోజంతా జాలీని ముక్కుతో పట్టుకునే పాకుతాయి కాబట్టి ఊడిన పూత కడుపులోకి పోతే విషం. కొత్త జాలీ మీద చెయ్యి రాస్తే తెల్లటి పొడి అంటుతుంది చూడండి, అదీ, వెల్డింగు చోట వేలాడే వెండి బొట్లూ పోవాలి. వెనిగర్‌తో గట్టి బ్రష్షు పెట్టి తోమి, నీళ్ళతో కడిగి, ఎండలో వదిలేయండి. నేను మూడుసార్లు తోమాను. రంగు వేయిస్తానని మిస్త్రీ అంటే వద్దనండి. పెచ్చులూడే రంగంటే వాటికి పప్పుబెల్లాలు.

తలుపు పెద్దది పెట్టించుకోకండి. చెయ్యి, గిన్నె పట్టేంత తలుపులు రెండు, రెండు చివర్లా ఒక్కోటి. పైకి జరిపే తలుపైతే ముక్కుతో ఎత్తేస్తాయి. మాది ఒక ఆడపిట్ట అలా ఎత్తి, కింద నుంచి దూరి, మామిడి చెట్టెక్కింది. సాయంత్రం దాకా పిలిచాం. మళ్ళీ రాలేదు. ఇప్పుడు ప్రతి తలుపుకీ గడియ, దానికో క్లిప్పు.

లోపల నిండా బొమ్మలు, ఉయ్యాలలు, నిచ్చెనలు వేలాడదీసిన ఫోటోలు చూసి మోసపోకండి. ఎగరడానికని ఆరడుగులు చేయించుకుని మధ్యలో ఉయ్యాల కడితే మళ్ళీ అది మూడేసి అడుగుల పంజరాలు రెండే. కర్రలు రెండు చివర్లా పెట్టండి, మధ్య ఖాళీ వదిలేయండి. కర్రలన్నీ ఒకే ఎత్తులో ఉంటే పై కర్ర కోసం కొట్లాటుండదు. నున్నటి ప్లాస్టిక్ కర్రలు తీసి పారేయండి. జామ కొమ్మో, వేప కొమ్మో విరిచి కడిగి పెట్టండి. చిటికెనవేలంత లావు నుంచి బొటనవేలంత దాకా వంకరటింకరగా ఉంటే అరికాళ్ళకి మంచిది. బెరడు చెక్కుకుంటూ కాలక్షేపం చేస్తాయి. గన్నేరు మాత్రం ఆకు కూడా దగ్గరికి రానివ్వకండి, విషం.

తిండి గిన్నెలు కర్రల కింద పెట్టకండి, రెట్టలు పడతాయి. ఎనిమిదింటికి ఒకటే గిన్నె పెడితే దర్జా గల ఆడపిట్ట ఒకటి దాని మీదే కాపలా కూర్చుంటుంది. మూడు పెట్టండి. గింజల విషయంలో మనం అదృష్టవంతులం. ఆన్‌లైన్‌లో స్ప్రే మిల్లెట్ అని రంగు ప్యాకెట్లో అమ్మేది మన కొర్ర కంకే. ఒడియా వాళ్ళు కంగు అంటారు. కోతల తర్వాత కొండ మీది వాళ్ళు సంతకి తెస్తారు, కంకులుగానే ఇమ్మని అడిగి కొనండి. ఒక కంకి జాలీకి కట్టి చూడండి, తలకిందులుగా వేలాడి మరీ ఒలుచుకుంటాయి. కొర్రలు, వరిగెలు, సామలు కలిపి వేయండి. కొత్తిమీర, తోటకూర తడిపి వేలాడదీస్తే తినేవి తింటాయి, మిగిలినవి ఆ తడి ఆకుల్లో పొర్లి స్నానం కానిస్తాయి. అవకాడో, చాక్లెట్, ఉల్లిపాయ పెట్టకూడదు. ముక్కు అరగడానికీ సున్నానికీ సముద్రపు నురుగు (దుకాణంలో కటిల్‌బోన్ అంటారు) ముక్క ఒకటి జాలీకి గుచ్చండి.

ఒక్క జాగ్రత్త. ఇవి గింజ ఒలిచి పొట్టు గిన్నెలోనే వదులుతాయి. ఒకసారి పాతపట్నంలో పెళ్ళికి వెళ్తూ పక్కింటి పిల్లకి అప్పజెప్పాను. రెండో రోజు వచ్చేసరికి పిట్టలు ఉబ్బి కూర్చున్నాయి. "నిండా ఉంది కదా పిన్నీ, అందుకే వెయ్యలేదు" అంది. ఊదితే మొత్తం పొట్టే, అడుగున గింజ లేదు. ఎవరికి అప్పజెప్పినా ముందు ఊది చూడమనండి.

పంజరం వెనక గోడ, ఒక పక్క గోడ ఉండే మూల చూసుకోండి. నాలుగు వైపులా తెరిచి ఉంటే వాటికి ధైర్యం ఉండదు. పొద్దుటి ఎండ కాసేపు పడాలి, మధ్యాహ్నం ఎండ పడకూడదు. మే నెలలో రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుని నోరు తెరిచి ఉన్నాయంటే వేడెక్కిపోయాయని. మేము పైన తడి గోనె కప్పుతాం, నీళ్ళు రెండుసార్లు మారుస్తాం. మీ రాయగడ చలికి మూడు వైపులా దుప్పటి కట్టండి. చలి కంటే ఈదురుగాలి చెడ్డది. వంటింటి దగ్గర మాత్రం పెట్టకండి. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ మనకి వాసన కూడా తెలియకపోవచ్చు, పిట్టలు నిమిషాల్లో పోతాయి. చీమలకి మన అమ్మమ్మల ఉపాయమే: స్టాండు కాళ్ళు నాలుగూ నీళ్ళ గిన్నెల్లో పెట్టండి. దోమలు పెట్టకుండా రెండ్రోజులకోసారి ఆ నీళ్ళు పారబోయాలి.

స్టాండు అన్నాను కదా, దాన్ని పంజరానికి వెల్డింగ్ చేయించకండి, బోల్టులు పెట్టించండి. మేం అతికించేశాం. 2018 అక్టోబరు 10 సాయంత్రం తిత్లీ తుపాను వస్తోందని చాటింపు. లోపలికి తెద్దామంటే పంజరం గుమ్మంలో పట్టలేదు. ఎటు తిప్పినా స్టాండు కాలు అడ్డం. చివరికి చీకట్లో ఒక్కొక్క పిట్టనీ తువ్వాలుతో పట్టి, రెండు అట్టపెట్టెలకి చిల్లులు పొడిచి అందులో పెట్టి, మంచం కింద దాచాం. తెల్లవారుజామున ఆ గాలి చప్పుడుకి మేమే వణికిపోయాం, పెట్టెల్లో మాత్రం కిక్కురుమనలేదు. పంజరం బోర్లా పడి ట్రే ఎటో ఎగిరిపోయింది. మిస్త్రీ దగ్గరికి వెళ్ళే ముందు మీ గుమ్మం కొలుచుకోండి.

ఇక కుండలు. కట్టకండి. మొదట్లో నాకూ పిల్లల ముచ్చటే. మూడు జతలకి మూడు కుండలు కట్టాను. ఆడవి మూడూ ఒకే కుండ కావాలన్నాయి. గెలిచింది అయిదు గుడ్లు పెట్టింది, పద్దెనిమిదో రోజు మొదటి పిల్ల వచ్చింది. తల్లి తిండికి దిగిన రెండు నిమిషాల్లో ఇంకో ఆడది లోపలికి దూరింది. తర్వాత కుండలో చెయ్యి పెట్టి నేను తీసింది చెప్పను. కుండ కనిపిస్తేనే ఆడపిట్టకి ఆ పంతం పుడుతుంది, తీసేస్తే అన్నీ మళ్ళీ స్నేహితులే. పిల్లలు కావాలనుకుంటే ఆ జతని వేరే పంజరంలో పెట్టుకోండి. అసలు గొడవే వద్దంటే కొత్త ఆరూ మగవే తీసుకోండి. ముక్కు మీది మెత్తటి చోటు నీలంగా ఉంటే మగది, గోధుమ రంగుంటే ఆడది. తెల్లవీ పసుపువీ అయితే ఈ లెక్క పనిచేయదు, మగవాటికి కూడా గులాబీ రంగే ఉంటుంది.

దుకాణంలో బడ్జీ అంటే తెలియకపోతే లవ్ బర్డ్స్ అనండి, మన వైపు అలాగే అమ్ముతారు. మా అత్తగారికైతే ఈనాటికీ బజ్జీలే. అసలు లవ్ బర్డ్స్ వేరు, ఆఫ్రికావి, ముక్కు లావు, తోక పొట్టి. వాటిని కలిపితే బడ్జీల కాళ్ళు కొరికేస్తాయి. తోడుగా ఒక రామచిలుకని కూడా ఇస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది మన అడవి పిట్ట, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇంట్లో పెంచడమే నేరం.

కొత్త ఆరింటినీ తెచ్చిన రోజే పెద్ద పంజరంలోకి వదలకండి. నెల రోజులు వేరే గదిలో పెట్టి చూడండి. రెట్ట నీళ్ళలా ఉందా, ముక్కు చుట్టూ తెల్లటి పొక్కు లేస్తోందా, పగలంతా ఉబ్బి నిద్రపోతోందా అని. అలాంటిది ఏదున్నా పశువుల డాక్టరుకి చూపించాకే కలపండి. ముందు పాత వాటికి తిండి పెట్టి, తర్వాత కొత్తవాటి దగ్గరికి వెళ్ళి, చేతులు కడుక్కోండి. ఇప్పుడు మీ రెండూ ఉంటున్న చిన్న పంజరం ఉంది కదా, పెద్దది వచ్చిందని దాన్ని పాత సామాన్లకి వేసేయకండి. ఈ నెల రోజులకీ అదే కావాలి, జబ్బు చేసినదాన్ని విడిగా పెట్టడానికీ అదే కావాలి, మళ్ళీ ఏ అక్టోబరులోనో గాలి లేస్తే మంచం కిందకీ అదే పడుతుంది.