టర్పెంటైన్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కలిసిన క్లీనర్‌కు ఏ ఫ్లాష్ పాయింట్ పరీక్ష చేయించాలి?

మీరు రాసినదాన్ని బట్టి, మండపేట దగ్గర రైసు మిల్లు యంత్రాల జిడ్డు వదిలించే ద్రావకం తయారు చేస్తున్నారు. అందులో చాలా భాగం మినరల్ టర్పెంటైన్, నూనె, నీరు కలిసేలా చేసే ఎమల్సిఫయర్ కొంత, నూటికి ఐదు పాళ్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్. రేకుల షెడ్డులో 200 లీటర్ల డ్రమ్ములు పన్నెండు నిల్వ పెట్టాలనుకుంటున్నారు. తవుడు నూనె ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసే మీ బావగారు అక్కడి పెన్‌స్కీ-మార్టెన్స్ పరికరంలో ఫ్లాష్ పాయింట్ (ద్రవం పైన చేరిన ఆవిరి, మంట చూపితే అంటుకునే కనిష్ఠ ఉష్ణోగ్రత) చూసిపెడతానన్నారు, అది సరిపోతుందా అని అడిగారు. చాలదు. గోదావరి జిల్లాల్లో అలాంటి ల్యాబులోనే ఎక్కువకాలం పనిచేసినవాణ్ని కాబట్టి కారణం వివరంగా చెబుతాను.

తవుడు నుంచి హెక్సేన్ అనే ద్రావకంతో నూనె తీసినప్పుడు, ఆ నూనె ఫ్లాష్ పాయింట్ పెన్‌స్కీ-మార్టెన్స్ మూతకప్పులో 250 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదని ఆహార భద్రతా నిబంధన. హెక్సేన్ సొంత ఫ్లాష్ పాయింట్ సున్నాకు 22 డిగ్రీలు కింద ఉంటుంది కనుక, అది నూనెలో కాస్త మిగిలినా పరీక్షలో అంకె చటుక్కున పడిపోతుంది. మీ ద్రావకంలోనూ జరిగేది ఇదే. టర్పెంటైన్ 30 డిగ్రీల పైన, ఆల్కహాల్ 12 దగ్గర ఫ్లాష్ అవుతాయి కాబట్టి, పాళ్ల ప్రకారం సగటు తీస్తే 30 చుట్టూ వస్తుందనుకోవడం పొరపాటు. ఆల్కహాల్, హైడ్రోకార్బన్ (ఇక్కడ టర్పెంటైన్) కలిసిపోయినా వాటి అణువులు ఒకదానితో ఒకటి సరిగా పొసగవు. అందువల్ల ద్రవంలో ఉన్న పాలుకు మించి ఆల్కహాల్ ఆవిరిలోకి చేరుతుంది. ఐదు పాళ్లతోనే అంకె 23 కిందికి జారే అవకాశం ఉంది.

ఆ 23 దగ్గరే చట్టం గీత గీసింది. 1934 పెట్రోలియం చట్టం ప్రకారం 23 కంటే తక్కువైతే ‘ఎ’ తరగతి, 23 నుంచి 65 లోపు అయితే ‘బి’ తరగతి. ‘బి’ అయితే, ఏ పాత్రా 1000 లీటర్లు మించకుండా మొత్తం 2500 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు, మీ 2400 లీటర్లు అందులో ఇమిడిపోతాయి. ‘ఎ’ అయిందా, ఆ వెసులుబాటు ఉండదు. అంటే ఇక్కడ ఒకటి రెండు డిగ్రీల తేడాకూ విలువ ఉంది.

పెన్‌స్కీ-మార్టెన్స్ పద్ధతి ఉద్దేశించినదే 40 డిగ్రీలు, ఆ పైన ఫ్లాష్ అయ్యే ద్రవాలకు. మే నెలలో మన ల్యాబు గది 33, 34 డిగ్రీలు ఉంటుంది. ఆ వేడిలో మీ నమూనాను కప్పులో పోస్తే పరీక్ష మొదలు కాకముందే ఫ్లాష్ పాయింట్ దాటిపోయి ఉంటుంది. మొదటిసారి మంట చూపగానే ఫ్లాష్ వస్తే ఆ నమూనాను పారబోసి, కొత్తది ఇంకా చల్లగా మొదలుపెట్టాలి. కప్పు మూత తెరిచినప్పుడు పరీక్ష మంట చుట్టూ నీలి వలయం కనిపించడం వేరు, మంట ఒక్కసారిగా ద్రవం పైభాగమంతా పాకి ఆరిపోవడం వేరు. ఫ్లాష్ అంటే రెండోదే. ఈ తేడా కనిపించాలంటే వెలుతురు తక్కువగా ఉండాలి, గాలి ఆడకూడదు. మన ఉక్కపోతలో ఫ్యాను కట్టేయమంటే ల్యాబులో ఎవరికీ మింగుడుపడదు, అయినా కట్టేయక తప్పదు.

మీకు కావలసింది ఏబెల్ మూతకప్పు పద్ధతి. చల్లటి నీటి తొట్టితో, అనుకున్న అంకెకు బాగా కింద నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా వేడి పెంచుతూ చూస్తారు. మూతలేని కప్పులో చేసిన అంకె ఇస్తామంటే ఒప్పుకోకండి. అందులో ఆవిరి బయటికి పోయి అంకె పెరుగుతుంది. 1879 నాటి బ్రిటిష్ చట్టం కిరోసిన్‌కు పాత తెరిచిన కప్పులోని 100 ఫారన్‌హీట్ హద్దు స్థానంలో ఏబెల్ కప్పులో 73 ఫారన్‌హీట్‌ను పెట్టింది. నేటి మన 23 సెల్సియస్ దానికి దాదాపు సమానం.

నమూనా తీయడంలో తేలికగా తీసుకునేవారిని ఎక్కువమందిని చూశాను. ఒకసారి సగం నిండిన మంచినీళ్ల ప్లాస్టిక్ సీసాలో, బైకు పెట్టెలో ఎండలో తెచ్చిన థిన్నర్ మా బల్ల మీదికి వచ్చింది. మూత తీయగానే వాసన గుప్పుమంది. పోయినదంతా తేలికపాటి భాగమే కనుక, మిగిలినదాని అంకె ఉన్నదానికంటే భద్రంగా కనిపిస్తుంది. డ్రమ్మును బాగా కలిపి, బిగుతైన మూత ఉన్న గాజు సీసాలో ముప్పాతికకు పైగా నింపి, ఐసు పెట్టెలో పంపండి. చల్లబడ్డాకే తెరవమని ల్యాబుకు చెప్పండి.

వాతావరణ పీడనం సవరణ మనకు పెద్దగా లెక్కలోకి రాదు, డెల్టా సముద్రమట్టానికి దగ్గరే కదా. ఎత్తున, పీడనం తక్కువగా ఉండే అరకులో చేస్తే వచ్చిన అంకెకు రెండు డిగ్రీల పైచిలుకు కలపాలి.

ఏబెల్ అంకె 25, 26 వచ్చినా షెడ్డులో నిశ్చింతగా ఉండలేరు. వేసవిలో రేకుల కింద వేడి 40 దాటుతుంది, అప్పుడు డ్రమ్ము మూత తీసిన ప్రతిసారీ అంటుకునే ఆవిరి సిద్ధంగా ఉంటుంది. ద్రావకం ఒంపేటప్పుడు రెండు డ్రమ్ములనూ తీగతో కలిపి ఎర్త్ చేయండి, స్విచ్చులు షెడ్డు బయటికి మార్పించండి. వీలైతే ఆల్కహాల్ లేకుండా ఒక చిన్న బ్యాచి కలిపి, రెండు నమూనాలనూ ఒకేరోజు పరీక్షకు పంపండి; జిడ్డు వదలడంలో తేడా లేకపోతే ఆ ఐదు పాళ్లు తీసేయవచ్చు.