మామ్మ చింపేసిన నెలవంక

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పాప మూడో తరగతి. స్కూల్లో టీచరు వారానికో మతం గురించి చెబుతున్నారు. మొన్న పాప నెలవంక, నక్షత్రం బొమ్మ వేసి దేవుడి గది తలుపుకి అంటించింది. మా అత్తగారు చింపేశారు. మావారు స్కూలు మార్చేద్దామంటున్నారు. పాప ఇప్పుడు స్కూలు సంగతులు నా చెవిలో చెప్పి, ‘మామ్మకి చెప్పకు’ అంటోంది. ఈ వయసులో ఇవన్నీ పిల్లలకి అవసరమా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ‘మామ్మకి చెప్పకు’ అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎనిమిదేళ్ల పిల్ల ఇంట్లో ఒకరి దగ్గర సంగతులు దాచడం మొదలుపెట్టింది. ముందు అది సరిచేద్దాం, స్కూలు విషయం తర్వాత.

అత్తగారి మీద కోపం పెట్టుకోకండి. రోజూ దీపం పెట్టే గది తలుపు మీద, ఆవిడని అడక్కుండా, కొత్త గుర్తేదో కనబడేసరికి గుండె గుభేలుమని ఉంటుంది. మనవరాలు చెయ్యి జారిపోతోందేమోనన్న భయం అది. అయినా పసిపిల్ల వేసిన బొమ్మ చింపడం తప్పే. ఆ తప్పు ఆవిడ చేతే దిద్దించండి. ఉపవాసం అంటే ఏమిటో పాపకి చెప్పమని ఆవిడనే అడగండి. కార్తీక సోమవారం పొద్దంతా ఉపవాసముండి, సాయంత్రం పెరట్లోకెళ్లి చుక్కని చూశాకే కదా మన పెద్దవాళ్లు ముద్ద నోట్లో పెట్టుకునేది! రంజాన్ నెలలో ముస్లింలు తెల్లవారుజాము నుంచి పొద్దు గూకేదాకా మంచినీళ్లు కూడా ముట్టరు. నెలవంక కనబడితే ఆ నెల మొదలు, మళ్లీ నెలవంక కనబడితే పండగ. పాప వేసిన బొమ్మలో చంద్రుడు ఆ చంద్రుడే. ఉపవాసం గురించి ఆవిడకి తెలిసినంతగా మీకూ నాకూ తెలియదు. నోరారా చెప్పనివ్వండి.

తర్వాత పాపకి గోడ మీద క్యాలెండర్ చూపించండి. రంజాన్ ఏటా పదకొండు రోజులు ముందుకి ఎందుకు జరుగుతుందో పిల్లలకి భలే ఇష్టమైన ప్రశ్న. చంద్రుడి లెక్కన ఏడాదికి 354 రోజులే. మన పంచాంగం అధిక మాసం వేసి తేడా సర్దుతుంది, వాళ్ల క్యాలెండర్ సర్దదు. ఈస్టర్ తేదీ కూడా పున్నమిని బట్టే వస్తుంది. కార్తీక పున్నమికి అరటి దొప్పల్లో దీపాలు పెట్టి కాలవలో వదులుతాం కదా, సిక్కులకి గురునానక్ జయంతి ఆ రోజే. బుద్ధుడి గురించి అడిగితే దూరం వెళ్లక్కర్లేదు. కోనసీమలో మామిడికుదురు దగ్గర ఆదుర్రులో పాత బౌద్ధ స్తూపం ఉంది. ఒక ఆదివారం అత్తగారిని కూడా తీసుకుని వెళ్లి రండి.

స్కూలు మార్చే ముందు మీవారిని ఒకసారి టీచరుతో మాట్లాడమనండి. చెప్పడం వేరు, చేయించడం వేరు. ‘యేసు దేవుడి కుమారుడని క్రైస్తవులు నమ్ముతారు’ అంటే అది పాఠం. ‘అందరూ కళ్లు మూసుకుని ఈ ప్రార్థన చెయ్యండి’ అంటే, అది ఏ మతం ప్రార్థనైనా, మీరు అభ్యంతరం చెప్పొచ్చు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూల్లో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధలోగానీ పూజలోగానీ కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. మతాల గురించి చదువుకోవడం మాత్రం మతబోధ కిందికి రాదని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. మీరు రాసినదాన్ని బట్టి ఆ టీచరు చెబుతున్నది పాఠమే. నా మటుకు నాకు, అలాంటి టీచరు దొరకడం మీ పాప అదృష్టం.

మీవారు వ్యవసాయం చేస్తారని రాశారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసి మన కాలవలకి నీళ్లిచ్చిన కాటన్ దొర క్రైస్తవుడు. ఆయన్ని భగీరథుడంటూ తలుచుకునే సంస్కృత శ్లోకం మన గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెబుతారు. ఆ సంగతి ఆయనకి గుర్తుచేయండి.

ఉత్తరం చివర మీరు రాసి కొట్టేసిన వాక్యం కూడా చదివాను. పాప క్రిస్మస్‌కి పేటలో ఉన్న స్నేహితురాలి ఇంటికి వెళ్తానంటోందని, అక్కడ తింటే అత్తగారు ఊరుకోరని. ఆ వాక్యం కొట్టేయకుండా ఉండాల్సింది. మన వైపు ‘వాళ్ల మతం వేరు’ అని పైకి అన్నా, లోపల అడ్డుపడేది చాలాసార్లు కులం. పిల్లకి ఆ తేడా ఇంకా తెలియదు, తనకి తెలిసింది స్నేహితురాలు మాత్రమే. ఈ ఒక్క విషయంలో సర్దుకుపొమ్మని మీకు చెప్పలేను. పాపని వెళ్లనివ్వండి, కేక్ తిననివ్వండి. ముందు రోజే అత్తగారికి మీ నోటితో మీరే చెప్పండి, చాటుగా పంపకండి. తిరిగొచ్చాక అక్కడేం తిందో, వాళ్ల గుమ్మానికి నక్షత్రం ఎలా కట్టారో మామ్మకి పాపే చెప్పుకుంటుంది. ఆ కాసేపు మీరు వాళ్లిద్దరి పక్కనే కూర్చోండి.