అవి తెల్లదోమా కాదు, పచ్చదోమా కాదు

ప్రశ్న: ఐదెకరాల్లో సాంబమసూరి వేశాను. ఇప్పుడు పొట్ట దశ. దుబ్బుల మొదట్లో తెల్లటి సన్న పురుగులు, వాటి మధ్య ఆకుపచ్చవి ఉన్నాయి. మందుల షాపులో తెల్లదోమ, పచ్చదోమ అన్నారు. సైపర్‌మెత్రిన్ రెండుసార్లు కొడితే ఇంకా పెరిగాయి. పోయినేడు కూడా ఇలాగే వచ్చి చేను గుండ్రంగా ఎండితే తెగులు మందు కొట్టాం. ఏం చేయాలి?
– ఒక రైతు, కృష్ణా జిల్లా

జవాబు: రెండు పేర్లూ తప్పే. మీరు పంపిన ఫోటోలో తెల్లగా ఉన్నవి సుడిదోమ (వరి దుబ్బు మొదట్లో రసం పీల్చే పురుగు) పిల్లలు. గుడ్డులోంచి రాగానే తెల్లగా ఉంటాయి, కుబుసం విడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతాయి. పత్తిలో తెల్లదోమ పిల్లలు ఆకు అడుగున అంటుకుని కదలవు. ఇవి వేలు తగిలితే పక్కకు జరుగుతాయి, గెంతుతాయి. పోయినేడు గుండ్రంగా ఎండింది కూడా తెగులు కాదు, ఈ దోమ రసం పీల్చడం వల్ల వచ్చే దోమపోటే అయి ఉండాలి.

ఆకుపచ్చవి మిరిడ్ నల్లులు. దోమ గుడ్లను, పిల్లలను తినే మిత్రపురుగులు. పొడవాటి మీసాలు, చురుగ్గా పరుగెడతాయి, గెంతవు. పచ్చదోమ ఎక్కువగా పైఆకుల మీద ఉంటుంది. ఓసారి నేనూ మసక ఫోటో చూసి నల్లి పిల్లలను దోమ పిల్లలనుకుని మందు రాసిచ్చాను. మీ రెండో ఫోటోలో మీసాలు స్పష్టంగా ఉన్నాయి కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ఆ నల్లులను, సాలీళ్లను సైపర్‌మెత్రిన్ చంపేస్తుంది. దోమ పెరగక ఏం చేస్తుంది? వరిలో సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు ఇక ముట్టకండి. షాపతనికి పురుగు చూపించారా, నోటిమాటగా చెప్పారా? నోటిమాటకైతే చేతికందిన డబ్బానే ఇస్తాడు.

రేపు పొద్దున్నే చేలో ఐమూలగా నడుస్తూ 20 దుబ్బులు తట్టి లెక్కపెట్టండి, నల్లులను కలపకుండా. ఈ దశలో దుబ్బుకు 20–25 దోమలు దాటితేనే మందు. పిల్లలే ఎక్కువుంటే ఎకరాకు బుప్రొఫెజిన్ 25 ఎస్.సి. 320 మి.లీ. ఇది కుబుసం విడిచేటప్పుడు చంపుతుంది, కాబట్టి నాలుగైదు రోజులు ఓపిక పట్టాలి. పెద్ద దోమలూ ఉంటే దానికి బదులు పైమెట్రోజిన్ 50 డబ్ల్యు.జి. 120 గ్రా. రెండూ కలపొద్దు. ముందు నీరు తీసేయండి. 200 లీటర్ల నీటిలో కలిపి, పాయలు (చేలో నడిచే సన్న దారులు) తీసి, నాజిల్ మొదళ్లకు దించి కొట్టండి. పైఆకులు మాత్రమే తడిస్తే లాభం లేదు.

వారం తర్వాత మళ్లీ లెక్కపెట్టి ఆ అంకె రాయండి, ఫోటో ఒక్కటే పంపకండి.